చెవితో ఎంచుకున్న తీరం

సంచీ బల్ల మీద పడిన ఊపుకి మేస్త్రి గడ్డం గీసుకునే అద్దం వెల్లకిలా పడింది.

"ఈ ఇంట్లో నాకు జవాబు చెప్పే మనిషి ఒక్కరైనా ఉన్నారా?" అంది కోడలు.

మేస్త్రి సగం గడ్డం నురగతో, చేతిలో కత్తితో అలాగే ఉండిపోయాడు. కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తున్న అతని అక్క వేళ్ళు ఆగాయి. కొడుకు మాత్రం గోడకి వీపు ఆనించి, తను ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, భార్య మొహంలోకి రెప్పవాల్చకుండా చూస్తున్నాడు.

"పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. సముద్రం ఒడ్డున గది ఇస్తానన్నావిడ. 'ఎందుకమ్మా వద్దనుకున్నారు, నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా' అని అడుగుతోంది. నేనేం చెప్పను? నాకు తెలిస్తే కదా! మూడు నెలలు వెతికి కుదుర్చుకున్న గది. నాతో ఒక్క మాట చెప్పకుండా ఎవరు వద్దన్నారు?"

"నేనే," అన్నాడు కొడుకు.

"నువ్వు కూడా కాదు. నీ తరఫున ఎవడో మాట్లాడాడట. ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడని చెప్పింది. గోదాములో బేళ్ళు మోసే నీ స్నేహితుడు, ఆ వాగుడుకి అందరూ తుపాకి అంటారే, వాడు కాక ఇంకెవడు? మనిద్దరం ఉండాలనుకున్న గది. ఆ సంగతి తుపాకి నోట చెప్పించావా?"

"వాడైతే ఫోన్‌లో బాగా మాట్లాడతాడని..."

కిటికీ దగ్గరి పెద్దావిడకి నవ్వాగలేదు. "ఫోన్ చెయ్యడానికి కూడా చదువుండాలేమిట్రా చిన్నోడా?"

"నవ్వండి అత్తయ్యా, నవ్వండి. ఇంకా ఉంది." కోడలు తన ఫోను తీసి బల్ల మీద మేస్త్రి ముందుకి తోసింది. "చూడండి మామయ్యా. మీ అబ్బాయి దానికి బదులు ఏం కుదిర్చాడో. రేవు పక్కన నాలుగంతస్తుల హోటలు. కింద పాటల హాలు. ఎదురుగా రంగులరాట్నం. దీంట్లో మూడు గదులు. మూడు! ఒకటి మాకు. ఒకటి తుపాకికి, వాళ్ళావిడకి. ఇంకోటి మిల్లులో ఈయన పక్క మగ్గం అతనికి, వాళ్ళావిడకి. పెళ్ళయ్యాక మొదటిసారి నాలుగు రోజులు బయటికి వెళ్తున్నాం. కాపలాకి నలుగురా?"

"సందడిగా ఉంటుందని," అన్నాడు కొడుకు.

"సందడే కావాలంటే సముద్రం దాకా పోవడం ఎందుకు? మిల్లు గోడే మన వంటింటి గోడ. మంచం జరిపి అక్కడే పడుకుందాం."

మాట సూటిగా ఉంది. మేస్త్రి తల పంకించబోయి మానుకున్నాడు. అతనికి ఈ సముద్రం గొడవ మొదట్నుంచీ గిట్టలేదు. పెళ్ళయిన మూడో రోజున షిఫ్టుకి వెళ్ళిన మనిషి. నీళ్ళు చూడటానికి బస్సెక్కి పోవడమేమిటో అతనికి బోధపడలేదు. కానీ మొగుడూ పెళ్ళాల మధ్యకి మరో రెండు సంసారాలని తోలుకుపోవడం ఇంకా బోధపడలేదు. అడ్డగాడిద అనుకున్నాడు కొడుకుని.

"రెండింటికి బస్సుంది," అంది కోడలు. గొంతు పెంచలేదు. కోపంలో ఆ పిల్ల గొంతు పెరగదు, మాటకీ మాటకీ ఎడం పెరుగుతుంది. "ఆవిడ గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అడిగి తెలుసుకున్నాను. నేను వెళ్తున్నాను. వస్తే నువ్వొక్కడివే రా. రాకపోతే, అటునుంచి అటే మా అన్నయ్య ఇంటికి పోతాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

ఆమె అతనికి వీపు తిప్పి సంచీ మూతి బిగించసాగింది. ఇవాళ మిల్లుకి సెలవు. గోడ అవతల మగ్గాలన్నీ నోరు మూసుకున్నాయి. అందుకే, ఎడమ చెవి పోయి పదేళ్ళయినా, మిగిలిన సగం కుడి చెవితో మేస్త్రికి ఆ తర్వాతి మాట అందింది. సంచీతో చెప్పినట్టు, చాలా మెల్లగా అంది:

"ఒక్క కారణం చెప్పు. ఏదో ఒకటి. చెప్తే ఉండిపోతాను."

ఆమె చేతులు సంచీ తాడు మీద ఆగాయి. మెడ వెనక్కి తిరగలేదు.

కొడుకు లేచాడు. ఆమె వీపు వైపు ఒకసారి చూశాడు. మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు పైకి చేరేదాకా కోడలు కదల్లేదు. తర్వాత తాడు ముడి బిగించింది. అంత బిగువుగా బిగిస్తే మళ్ళీ విప్పేటప్పుడు కోసుకోవాల్సిందే.

"విన్నారా మామయ్యా?" అంది. "ఉండిపోతాను అన్నాను. లేచి వెళ్ళిపోయాడు."

మేస్త్రి మొహం కడుక్కున్నాడు. రెండో చెంప గీయనే లేదు.

* * *

మిల్లు షెడ్డులో నాలుగువందల మగ్గాలు ఒకేసారి ఆడతాయి. అక్కడ గొంతు దండగ. పెదాలు సాగదీసి, కళ్ళెగరేసి, వేళ్ళు కలిపి మాట్లాడాలి. దాన్ని షెడ్డు మాట అంటారు. పోగు తెగిందన్నా, దాహమేసిందన్నా, పక్క వరస మగ్గం వాడు తాగి వచ్చాడన్నా చప్పుడు లేకుండా చెప్పుకోవాల్సిందే. ఈ వీధిలో రెండు తరాలుగా అందరిదీ ఆ నోరే. పెద్దావిడ రెండు మేడల అవతల ఉన్నవాళ్ళతో కిటికీలోంచి పెదాలతోనే తగాదా పెట్టుకుని గెలిచి వస్తుంది. అన్నం దగ్గర కూడా అందరూ ఎదురెదురుగా కూర్చుని, మొహాలు పైకెత్తి, మేస్త్రి చెవికోసం కేకలేసి మాట్లాడతారు. ఈ ఇంట్లో ఎవరైనా ఎవరికైనా వెనకనుంచి ఏదైనా చెప్పి ఎన్నేళ్ళయిందో.

కోడలు ఒక్కతే వేరు. ఆస్పత్రిలో ఫోన్ల దగ్గర పని. రోజుకి ఎనిమిది గంటలు ఫోను చెవికి తగిలించుకుని కూర్చోవాలి. బయటివాళ్ళకి పేషెంట్ల సంగతి పక్కకి పొక్కకుండా చెప్పాలి. అందుకని పెదవి కదిలీ కదలకుండా, నోట్లోనే మాట్లాడటం అలవాటయింది. వచ్చిన కొత్తలో మేస్త్రి అదేదో పొగరనుకున్నాడు.

ఇప్పుడు వంటింట్లోంచి ఆ గొంతు సరిగా వినపడక, అతను గుమ్మం పక్కకి వచ్చి నిలబడ్డాడు. దొంగతనంగా వినడం తప్పే. వినడం కన్నా పెదాలు చూడటమే ఎక్కువ కాబట్టి అంత తప్పు కాదనుకున్నాడు.

"మగాళ్ళంతేనే పిల్లా," అంటోంది పెద్దావిడ. "మీ మామ మీ అత్తని ఏ సముద్రానికి తీసుకెళ్ళాడు? స్నానానికి నీళ్ళు కూడా ఆవిడే తోడిపెట్టింది."

"నేను తోడను."

"తోడకు. నేనేమైనా తోడమన్నానా? కోపం తగ్గాక వాడే వస్తాడు."

"కోపం నాది అత్తయ్యా. ఆయనకి కోపమెక్కడిది? కోపమొచ్చినా బావుండు. ఏదో ఒకటి అనేవాడు." కోడలు గిన్నె ఒకటి తీసి, ఎందుకు తీసిందో తెలియక మళ్ళీ అక్కడే పెట్టింది. "ఆ గది ఎలా ఎంచానో తెలుసా మీకు?"

"ఫోటోలు చూసి?"

"ఫోటోల్లో అన్నీ నీలంగానే ఉంటాయి. నేను ఏడు చోట్లకి ఫోన్ చేశాను. గది గురించి అడిగాక ప్రతివాళ్ళనీ బతిమాలాను, ఒక్కసారి ఫోను కిటికీ బయట పెట్టండి అని. కొందరు పిచ్చిదాన్ననుకున్నారు. ఒకడైతే తిట్టి పెట్టేశాడు. పెట్టిన చోట ఏమేం వినిపించాయో చెప్పనా? ఒకచోట జనరేటరు. ఒకచోట కుక్కలు. ఒకచోట మైకు. ఇంకోచోట ఎవరో పిల్లాణ్ణి కొడుతున్నారు. ఆరోది పడవల మోటార్లు. ఏడోది ఈవిడ. ఈవిడ ఎందుకని అడగలేదు. కిటికీ తెరిచి చెయ్యి చాపింది. ఒక అల వచ్చింది. వెనక్కి పోయింది. మళ్ళీ ఇంకోటి వచ్చేదాకా ఏమీ లేదు అత్తయ్యా. ఏమీ లేదు. రోజంతా నా చెవిలో మా అమ్మ పోయిందా, మా ఆయనకి స్పృహ వచ్చిందా అని ఏడుపులే. ఆ ఏమీ లేకపోవడం వింటే నాకు కళ్ళు తిరిగినట్టయింది."

పెద్దావిడ బఠాణీ గింజ చేతిలో పట్టుకుని వింటోంది.

"వెంటనే ఆయన దగ్గరికి వెళ్ళి ఫోను చెవి దగ్గర పెట్టాను. విను, అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపో విన్నాడు. 'ఎంత బావుందో, పడుకోబెట్టి జోకొడుతున్నట్టుంది' అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోను తీసుకుని చూద్దును కదా, లైను ఎప్పుడో తెగిపోయింది. అందులో అల లేదు, ఆవిడా లేదు. ఉత్త ఫోను."

"వేళాకోళమాడాడేమో."

"నేనూ అలాగే అనుకున్నాను. నవ్వేశాను కూడా. ఇప్పుడర్థమవుతోంది. నేను చూపించేది ఏదైనా ఆయనకి ఒకటే. తల ఊపుతాడు. వెనకనుంచి తుపాకితో వద్దనిపిస్తాడు." ఆమె ఆగి, ఇంకా చిన్న గొంతుతో అంది: "నేనీ మనిషిని ఎందుకు చేసుకున్నానో తెలుసా? మొదటిసారి మాట్లాడినప్పుడు గంటసేపు నా మొహంలోకే చూస్తూ విన్నాడు. ఎవరూ అలా వినలేదు నా మాట. మా నాన్న కూడా వినలేదు. అందుకే ఒక పేరు పెట్టుకున్నాను. శ్రోతగారూ అని. మేమిద్దరమే ఉన్నప్పుడు పిలుస్తాను. దీపం తీశాక పిలిస్తే ఒక్కనాడు పలకడు."

చివరి మాటకి పెద్దావిడ తల దించుకుంది. మేస్త్రి గుమ్మం పక్కనుంచి తప్పుకున్నాడు.

అతనికి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం పిలిస్తే పలకని వెధవ! ఆ పిల్ల ఏడు ఊళ్ళు గాలించి ఒక గది తెస్తే, దానికి బదులు రంగులరాట్నం తెచ్చిన వెధవ! తన కడుపున ఎలా పుట్టాడు? మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి మెట్లెక్కాడు.

* * *

కొడుకు తలుపు వైపు వీపు పెట్టి, తాడు మీద ఆరిన తన చొక్కాలు తీసి మడతపెడుతున్నాడు.

"ఒరేయ్," అన్నాడు మేస్త్రి. "నువ్వసలు మనిషివేనా?"

చొక్కా చేతులు లోపలికి మడిచాడు కొడుకు.

"నిన్నేరా! ఆ పిల్ల అంతగా అడిగితే నోట్లో నాలిక లేదా? నీకు ఇష్టం లేకపోతే పెళ్ళికి ముందే ఏడవాల్సింది. చేసుకున్నాక ఈ నాటకాలేమిటి? దాన్ని ఇంట్లోంచి పంపేసి సుఖంగా తుపాకితో కాపురం చేస్తావా?"

కొడుకు చొక్కా గోడ మీద పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు. తొందర లేదు. కాలరు సరిచేశాడు.

ఇంత పొగరు మేస్త్రి జన్మలో చూడలేదు. నలభై ఏళ్ళు షెడ్డులో మనుషుల్ని అదిలించినవాడు. తిడుతుంటే బట్టలు మడతపెట్టేవాణ్ణి చూడలేదు. పక్కనే ఖాళీ ఇనప బకెట్టు ఉంది. కాలితో ఒక్క తన్ను తన్నాడు.

బకెట్టు డాబా అంతా దొర్లింది. ఆ మోతకి మేస్త్రి సగం చెవే గింగురుమంది. పక్క మేడ మీద ఎవరో తల పైకెత్తి చూశారు. గోడ మీది పిట్టలు లేచిపోయాయి.

కొడుకు కాలరు గుండీ పెట్టాడు.

మేస్త్రి నోరు తెరుచుకునే ఉంది. తిట్టు సగంలో ఉంది. అది ఎటు పోయిందో పోయింది.

దొర్లుతున్న బకెట్టు వెళ్ళి కొడుకు మడమకి తగిలింది. అప్పుడు తిరిగాడు. బకెట్టునీ, తండ్రినీ చూశాడు. తండ్రి మొహంలో ఏముందో చదివాడు. చదవడంలో అతన్ని మించినవాడు ఆ వీధిలో లేడు.

మేస్త్రికి కొడుకు వెనకాల మిల్లు గేటు కనిపిస్తోంది. ఆరేళ్ళ కిందట ఆ గేటు దగ్గరే లారీ వెనక్కి వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. గేటు మనిషి అరిచాడు. వీధి చివర దుకాణంవాడికి కూడా వినిపించింది. మేస్త్రి భార్యకి వినిపించలేదు. చేతిలో భోజనం డబ్బాతో నడుస్తూనే ఉంది.

విచారణకి వచ్చిన ఆఫీసరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఆవిడకి చెవులు బాగా పనిచేసేవా? పనిచేసేవి కాదని చెబితే, చెవిటి మనిషిని మగ్గాల మీద ఎందుకుంచావని మేస్త్రినే అడుగుతారు. బాగానే పనిచేసేవి, అన్నాడు మేస్త్రి. పరధ్యానం మనిషి, అన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు. పోయిన మనిషి కాబట్టి తను పరధ్యానం మనిషిని కానని చెప్పుకోవడానికి రాలేదు.

'ఎన్నాళ్ళయింది?' అని అడిగాడు మేస్త్రి. గొంతుతో కాదు. షెడ్డు మాటలో.

'నాలుగేళ్ళు. ముందు ఈల మోత వచ్చేది. తర్వాత అదీ పోయింది.'

'ఎందుకు చెప్పలేదు?'

'ఎవరికి?' కొడుకు పెదాలు వంకరపోయాయి. 'చెవుల్లో దూది పెట్టుకుంటానంటే నువ్వేమన్నావు? మొత్తం షెడ్డు ముందు అన్నావు. కమ్మలు కూడా తెచ్చి పెట్టనా అన్నావు.'

అన్నాడు. షెడ్డంతా చప్పుడు లేకుండా నవ్వింది. కుర్రాడు దూది తీసి కింద పారేశాడు. మేస్త్రికి అది తన జోకుల్లో మంచిదిగా చాలాకాలం గుర్తుంది.

'ఆ పిల్లకి చెప్పు,' అన్నాడు మేస్త్రి.

'ఎలా చెప్పను? మొదటి రోజే అంది, నాలా వినేవాణ్ణి చూడలేదని. ఆ ఒక్క ముక్క చూసి చేసుకుంది నన్ను. నేను వినలేదు నాన్నా, ఆ పెదాలు మరీ చిన్నగా కదులుతాయి, కళ్ళు తిప్పితే మాట పోతుందని చూశాను. రోజంతా అదే పని. సాయంత్రానికి నా కళ్ళు మండిపోతాయి. ఇక్కడైతే మగ్గాల మోత ఉంది. నీ చెవి కోసం అందరూ అరుస్తారు. పక్కన అత్త ఉంటుంది. అక్కడ ఏముంది? తను, నేను, ఏమీ లేకపోవడం. అంత నిశ్శబ్దంలో తను పిలిస్తే నేను పలక్కపోతే, ఇక దేని మీద నెట్టను?'

అందుకు రంగులరాట్నం. అందుకు పాటల హాలు. ఎవరికీ ఎవరి మాటా వినపడని చోట కొడుకు అందరితో సమానం. మేస్త్రికి ఒక్కసారిగా అంతా తేటపడింది. తేటపడి ఇంకా కోపమొచ్చింది, కానీ ఆ కోపం ఎటు తిప్పినా తన మీదికే తిరుగుతోంది.

'ఒక్క సాయం చెయ్యి,' అన్నాడు కొడుకు. 'ఆ గది వద్దన్నది నువ్వే అని చెప్పు. దూరంగా ఒంటరి చోటు, భయమేసింది, నలుగురు ఉన్నచోటికి వెళ్ళమన్నాను అని చెప్పు. నీ మాట నేను కాదనలేకపోయానని నమ్ముతుంది. ఈ నాలుగు రోజులు గడవనీ. తర్వాత నేనే చెప్తాను.'

'తర్వాత ఎప్పుడు?'

కొడుకు తండ్రి భుజం మీదుగా చూశాడు. మేస్త్రి తిరిగాడు.

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. సంచీ భుజాన ఉంది.

* * *

"బాగుంది," అంది. "చెప్పిపోదామని వచ్చాను. మీరిద్దరూ పెదాలాడించుకుంటున్నారు. నేను మెట్ల మీద ఉన్నానని గొంతు దాచుకున్నారా? ఏడాదిగా చూస్తున్నాను. ఈ ఇంట్లో నాకు తెలియకూడని మాట ఏదొచ్చినా నోళ్ళు మూగబోతాయి. ఇప్పుడు దేని గురించి? నన్ను ఎలా ఆపాలనా, ఎలా పంపాలనా?"

"అమ్మాయీ," అన్నాడు మేస్త్రి.

"నాకు అర్థమయ్యేలా మాట్లాడండి మామయ్యా. గొంతుతో."

కొడుకు అతని వైపు చూస్తున్నాడు. చిన్నప్పుడు ఏదో పగలగొట్టి అమ్మకి చెప్పొద్దన్నప్పటి చూపు.

"ఆ గది వద్దన్నది నేను," అన్నాడు మేస్త్రి.

కోడలి భుజం మీద సంచీ కొద్దిగా జారింది. "మీరా?"

"ఒంటరి చోటు. ఏదైనా అయితే పిలిస్తే పలికే దిక్కు ఉండదు. నలుగురు ఉన్నచోటికి పొమ్మన్నాను. నీతో చెప్పొద్దన్నాను. వాడు నా మాట కాదనలేకపోయాడు."

మాటలు నున్నగా వచ్చాయి. ఒకసారి అలవాటైన నోరు.

"మీకేం పని మామయ్యా?" అంది కోడలు. "మేం నాలుగు రోజులు ఎక్కడుంటే మీకెందుకు? నేను ఆయన్ని ఎన్ని మాటలన్నాను! పొద్దుట్నుంచి అత్తయ్య ముందు పరువు తీశాను. మీరు బల్ల దగ్గరే కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

తిడుతూనే ఉంది, కానీ మొహం విప్పుకుంటోంది. పొద్దున్నుంచి బిగుసుకుపోయిన నుదురు మెల్లగా వదులవుతోంది. ఆమె కోపానికి మామగారు సరిపోయాడు. మొగుణ్ణి పోగొట్టుకోనక్కర్లేదు. సంచీ దింపి కింద పెట్టింది.

"అయితే ఆయనకి నాతో ఉండటం ఇష్టం లేక కాదన్నమాట," అంది, ఎవరితోనూ కాదు.

కొడుకు గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఆ మాట పెదాల మీద చదివాక, ఇక చూడాల్సింది ఏమీ లేనట్టు, ఇటు వీపు తిప్పి మిగతా చొక్కాలు మడతపెట్టడానికి పూనుకున్నాడు. భుజాలు తేలికపడ్డట్టున్నాయి.

అబద్ధం అతికింది. ఇక అందరూ రంగులరాట్నం దగ్గరికి పోవచ్చు. నాలుగు రోజులు, నాలుగు నెలలు, నాలుగేళ్ళు. ఈ పిల్ల చీకట్లో పిలుస్తూనే ఉంటుంది. వాడు పలకడు. పరధ్యానం మనిషి అనుకుంటుంది.

కొడుకు వీపుకి అటువైపు మిల్లు గేటు మూసి ఉంది. రేపు తెరుస్తారు.

"అమ్మాయీ," అన్నాడు మేస్త్రి. "వాణ్ణి పిలువు."

"ఎదురుగానే ఉన్నాడుగా."

"ఉన్నచోటునుంచే పిలువు. మీ ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు పిలిచే పేరుతో."

ఆమె మొహం ఎర్రబడింది. వంటింటి మాటలు విన్నాడని అర్థమై, ఏదో అనబోయింది. మేస్త్రి మొహం చూసి అనలేదు.

"శ్రోతగారూ," అంది మెల్లగా.

కొడుకు చొక్కా దులిపాడు.

"శ్రోతగారూ!"

డాబా మీద గాలి లేదు. మగ్గాలు లేవు. రోడ్డు మీద బండి లేదు. ఏడు ఊళ్ళలో వెతికిన నిశ్శబ్దం ఇంటి మీదే ఉంది. ఆమె రెండడుగులు ముందుకి వేసింది. ఇంకో అడుగు. చెయ్యి చాస్తే అతని వీపు తగులుతుంది. అక్కడ నిలబడి, ఆస్పత్రి ఫోన్లో ఎన్నడూ పెంచని గొంతు పెంచి, ఆ పేరు మూడోసారి పిలిచింది. పక్క మేడవాళ్ళు మళ్ళీ తొంగి చూశారు.

కొడుకు చొక్కా రెండు చేతులూ మడిచి, దాన్ని మిగతా వాటి మీద పెట్టి, ముడత లేకుండా అరచేత్తో నిమిరాడు.

చాచబోయిన ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. తెగిపోయిన ఫోను ఎవరి చెవి దగ్గర పెట్టిందో, చీకట్లో ఎవర్ని పిలిచిందో, ఇందాక సంచీ ముందు నిలబడి ఎవర్ని కారణం అడిగిందో, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె మొహం మీదుగా నడిచి పోవడం మేస్త్రి చూశాడు. మొహాలు చదివే అతని కంటినుంచి అది తప్పించుకోదు.

ఆమె మొగుణ్ణి తాకలేదు. వెనక్కి తిరిగి మామగారి ముందుకి వచ్చింది.

"మీకెప్పటి నుంచి తెలుసు?"

పావుగంట నుంచి. ఆ జవాబు నాలిక చివర సిద్ధంగా ఉంది. గడియారం ప్రకారం నిజం కూడా. చెప్పేయొచ్చు. ఇందాకటిలాగే నున్నగా వస్తుంది.

కానీ ఏడాది కిందట ఈ పిల్ల ఇంటికి మాట్లాడటానికి వెళ్ళిన రోజున, ఆ హాల్లో, కొడుకు కిటికీ పక్కన కూర్చోబోతుంటే రెక్క పట్టుకుని లేవదీసింది ఎవరు? 'అక్కడ కాదురా, ఆ గోడ దగ్గర కుర్చీలో కూర్చో, అందరి మొహాలూ కనిపిస్తాయి' అన్నది ఎవరు? ఎందుకన్నాడో ఆ రోజు తనని తాను అడగలేదు. అలా అడగకుండా ఉండటం అతనికి ఆరేళ్ళ అలవాటు.

"ఏరా, బస్సు వేళవుతోంది, వీళ్ళు వెళ్తున్నారా లేదా?" కిందనుంచి పెద్దావిడ కేకేసింది.

కొడుకు చొక్కాల దొంతర ఎత్తుకుని ఇటు తిరిగాడు. చిరునవ్వుతో తిరిగాడు. ఇద్దర్నీ చూసి, ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు.

కోడలు అతని వైపు చూడలేదు. మేస్త్రి నోరు తెరిచాడు.

ఆమె మామగారి కళ్ళలోకి చూడటం లేదు. పెదాల వైపే చూస్తోంది.